పొగ పోయిన బొగ్గు

ఆ ఇంట్లో మంచం మొలకలది, చాప మనుషులది.

లోపలి గదిలో ఉన్న ఒకే ఒక్క నవారు మంచం మీద చాయ్ హోటల్ దగ్గర ఏరుకొచ్చిన కాగితపు గ్లాసులు వరుసలుగా నిలబడి ఉండేవి. కింద గోడవారన పరిచిన చాప మీద తిరుమల, ఆమె ఎనిమిది నెలల బిడ్డ ధరణి పడుకునేవాళ్లు. పుష్యమాసపు చలికి నేల జిల్లుమంటున్నా నోరెత్తి అడిగేవాళ్లు లేరు. ఆ గ్లాసుల్లో ఉన్నది అత్త పూలమ్మ వేసిన కీర. గోదావరిఖని కూరగాయల మార్కెట్లో ఏటా అందరికంటే ముందు గంప దించేది పూలమ్మే. ఆ పేరు కోసం ఆమె మంచమేం ఖర్మ, ప్రాణం కూడా పరుస్తుంది.

పొద్దున కళ్లు తెరవగానే తిరుమల మొదట చూసేది బిడ్డను కాదు, మంచాన్ని. ఆ రోజు తల ఎత్తబోతే కణతల్లో రోకటిపోటు మొదలైంది. గోడ పట్టుకుని లేచింది. అనుకున్నంతా అయింది. రాత్రి బొగ్గుల సిగిడి పెట్టే మూల వైపున్న మొలకలు మళ్లీ తలలు వాల్చేశాయి. నిన్న ఒకటో రెండో వాలాయి, ఇవాళ వరుసంతా వాలింది. లేత ఆకులు కిందికి ముడుచుకుని అంచుల వెంట పసుపెక్కాయి. నీళ్లు చాలలేదేమోనని గ్లాసులో వేలు పెట్టి చూసింది. మన్ను తడిగానే ఉంది.

వేలు పెట్టిన తర్వాత గుర్తొచ్చింది, పెట్టకూడదని. చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని కొంగుకు తుడుచుకుంది. తుడుచుకుంటే పోయేదా అది? తిరుమల ఆ రోజుల్లో దూరంగా ఉండాల్సిన మనిషి. నిన్ననే ముట్టయింది. అయినా ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. పచ్చడి జాడీ, దేవుడి గూడు, పెరట్లో పాదులు, వేటి దగ్గరికీ పోకూడదు. వెనక అరుగు మీద చింకిచాప పడుతుంది. ఈ చలిలో పాలు తాగే పిల్లను వేసుకుని అరుగు మీద పడుకోలేక నోరు మూసుకుంది. మూసుకున్న పాపానికి మొలకలు మాడుతున్నాయి.

అంతకు ముందు కూడా ఒక తప్పు జరిగింది. మొదటి మొలక మన్ను పగలగొట్టుకుని లేచిన రోజున సంబరం ఆగక "అగో, లేచింది" అని చూపుడువేలు చాచి చూపించింది. పూలమ్మ ఆ చేతిని చురుక్కుమనేటట్టు కొట్టింది. మొలకకైనా పిందెకైనా వేలు చూపిస్తే అది కుళ్లిపోతుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు, చూపించాలనుకుంటే వేలు మడిచి చూపించాలి. తిరుమలకూ తెలుసు. సంబరంలో మరిచిపోయింది.

పూలమ్మ వచ్చింది. ఆమె అరిచే మనిషి కాదు. అరిస్తే బాగుండేది. వంగి ఒక్కో గ్లాసునూ చూసింది. మడిచిన వేలి కణుపుతో ఒక ఆకును కింది నుంచి మెల్లగా లేపి వదిలింది. అది మళ్లీ వాలింది. నిద్రలేచిన కళ్లతో, రేగిన జుట్టుతో గోడకు ఆనుకుని నిలబడ్డ కోడలి వైపు చూడకుండానే, మొలకలతో చెప్పినట్టు అంది.

"ఇంటిదొంగను ఈశ్వరుడు గూడ పట్టలేడంటరు. నాకెట్ల దొరుకుతరు?"

తిరుమల బిడ్డను ఎత్తుకుని పెరట్లోకి నడిచింది. గోడకు చెయ్యి ఆనించి కక్కుకుంది. చల్లగాలి తగిలి కాసేపటికి తల కొంత తేలికపడింది. ప్రతి రోజూ ఇదే వరస. పొద్దున లేస్తే తల బద్దలవుతుంది, అంట్లు తోమి బట్టలు ఆరేసే వేళకు తగ్గిపోతుంది. పూలమ్మ దీన్ని కనిపెట్టకపోలేదు. పనున్నప్పుడు వచ్చి పని కాగానే పోయే తలనొప్పి తన పుట్టుకలో చూడలేదని చాటలో బియ్యం చెరుగుతూ చెరుగుతూ అంది. చాట చప్పుడులో కలిసిపోవాల్సిన మాట కాదది, తిరుమల చెవిలో రోజంతా ఉంది.

గోడకు అవతలి క్వార్టర్లో సుసన్నమ్మ ఉంటుంది. దవాఖానలో ఆయాగా చేసి దిగిపోయిన మనిషి. కక్కుకున్న చప్పుడు విని గోడ మీంచి తొంగి చూసి, మళ్లీ నెల తప్పినవా ఏంది అని అడిగింది. కాదని తల ఊపితే గోడ మీద మోచేతులు ఆనించింది.

"తల్నొప్పి పొద్దుగాలనే ఎందుకొస్తున్నది బిడ్డా? ఒకపారి చూపించుకో."

చూపించుకోవాలంటే అత్తకు చెప్పాలి. అత్తకు చెబితే ఒకటొకటిగా అన్నీ బయటికొస్తాయి. తిరుమల నవ్వి అంట్ల దగ్గరికి నడిచింది.

*

ఆ మొలకల కోసం పూలమ్మ పడ్డ పాట్లు చూస్తే పగవాళ్లకైనా జాలేస్తుంది. గింజలను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, నడుము దగ్గర చీరకుచ్చెళ్లలో చెక్కుకుని తిరిగింది. అన్నం తినేటప్పుడూ నిద్రపోయేటప్పుడూ ఆ మూట ఒంటినే అంటుకుని ఉంది. కోడి పొదిగినట్టు పొదిగింది. తెల్లటి మోసు రాగానే పాత మేక ఎరువు, గోదారి ఇసుక, పెరటి మన్ను జల్లెడ పట్టి గ్లాసుల్లో నింపి ఒక్కో గింజనూ పడుకోబెట్టింది. ఈసారి రంజాన్ నెల చలి పోతుండగానే వస్తోంది. ఉపవాసం విడిచే పళ్లెంలో కీర ముక్క ఉండాలని మార్కెట్లో ఎదురుచూస్తారు. అందరూ చలి పోయాక గింజ వేస్తారు, పూలమ్మ చలి పోయేసరికి మొక్కను సిద్ధంగా ఉంచుకుంటుంది.

ఇంకో సంగతి కూడా ఉంది, దాన్ని ఆమె పైకి అనదు. పెనిమిటి సదయ్య ఎండాకాలంలో రిటైరై గని నుంచి దిగిపోతున్నాడు. దిగిపోతే క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. బొగ్గు దుమ్ము పడి నల్లబడిన పెరటిని ఇన్నేళ్లుగా తవ్వి, ఎరువేసి ఆమె మన్నుగా చేసుకుంది. ఆ మన్నులో ఇదే ఆఖరు పాదు.

సాయంత్రం కాగానే పూలమ్మ సిగిడి ముట్టించేది. వంటకు గ్యాసు బండ ఉన్నా ఆ కాలనీలో నీళ్లు కాగబెట్టడానికీ చలి కాచుకోవడానికీ బొగ్గు పొయ్యి లేని ఇల్లు లేదు. పెరట్లో సిగిడి పెట్టి, అడుగున చితుకులు, వాటి మీద పిడక ముక్కలు, పైన నలగ్గొట్టిన బొగ్గు పేర్చి అంటించేది. మొదట పచ్చటి పొగ గోడ దాటి లేచేది. కళ్లు మండేవి. పూలమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఓపిగ్గా కూర్చునేది. పొగ తెల్లబడేది, పలచబడేది, చివరికి ఏమీ లేకుండా పోయేది. బొగ్గంతా దానిమ్మ గింజల్లా ఎర్రబడ్డాక పైన ఇంత బూడిద చల్లి, రెండు పట్కార్లతో సిగిడిని ఎత్తి లోపలి గదిలోకి మోసుకొచ్చి మంచం పక్కన, మూలకు దించేది. తలుపు దగ్గరగా వేసేది. గది తెల్లవార్లూ వెచ్చగా ఉండేది.

బొగ్గుబాయి పెళ్లాలందరికీ వచ్చిన విద్య ఇది. పొగతో లోపలికి తేవద్దు, పొగ పోతే తేవచ్చు. తిరుమల అమ్మ కూడా శ్రీరాంపూర్ కాలనీలో ఇలాగే చేసేది. అయినా ఆ సాయంత్రం తిరుమల ధైర్యం చేసి, ఇవాళ సిగిడి వద్దత్తమ్మా, తల బరువుగా ఉంటున్నదని నసిగింది.

పూలమ్మకు నవ్వొచ్చింది. "పొగ ఉంటెనే ఫికర్ చెయ్యాలె. పొగ పోయిన బొగ్గు పసిపిల్ల లెక్క, ఎవలనేమంటది?" అని సిగిడిని దించి, మోకాళ్లు పట్టుకుని లేచింది. సిగిడి లేకపోతే మొలకలు చలికి చస్తాయని, ఒకరి తలనొప్పికి అన్ని ప్రాణాలు తియ్యాలా అని గడప దాటుతూ అంది.

ముందు గదిలో సదయ్య డ్యూటీకి తయారవుతున్నాడు. ఆ వారమంతా ఆయనది రాత్రి షిఫ్టు. బూట్లు తొడుక్కుంటూ ఈ మాటలన్నీ విన్నాడు. ఆడవాళ్ల లొల్లిలో తలదూర్చడం ఆయనకు అలవాటు లేదు. అన్నం డబ్బా చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

*

మర్నాడు ఇంకో వరుస వాలింది.

పూలమ్మ ఎండు మిరపకాయలు, రాళ్లుప్పు పిడికిట పట్టి మొలకలకు దిష్టి తీసింది. మిరపకాయలు ఘాటు కొడితే దిష్టి లేనట్టు, కొట్టకపోతే ఉన్నట్టు. పెరటి పొయ్యిలో వేస్తే ఘాటు రాలేదు. ఆమె చాలాసేపు ఆ పొయ్యినే చూస్తూ నిలబడింది. తర్వాత కోడలిని పిలిచింది.

తిరుమల చంకలో ధరణి ఉంది. ఆ పిల్ల రెండు రోజులుగా మగతగా ఉంటోంది. గిలక్కాయ ఊపితే కళ్లు తిప్పుతోంది కానీ చెయ్యి చాచడం లేదు. ఆ సంగతి కూడా తిరుమల ఎవరితోనూ అనలేదు. జైపూర్ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పనిచేసే మొగుడు రఘుపతి అక్కడే ఉంటాడు, ఆదివారానికి వస్తాడు. ఫోన్లో చెబుదామని నోటిదాకా తెచ్చుకుంది. అతను మొదటే, అమ్మతోని లొల్లి పెట్టుకోకు అన్నాడు. చెప్పదలుచుకున్నది మింగేసింది.

"నిజం చెప్పు పిల్లా" అంది పూలమ్మ. "దూరమున్నవా?"

"లే అత్తమ్మా."

అబద్ధం ఆడటం రాని మనిషి అబద్ధమాడితే ముఖం చెప్పేస్తుంది. పూలమ్మ ఆ ముఖాన్ని చదివిందో లేదో తెలియదు. పిడికిట్లో మిగిలిన ఉప్పును పెరట్లోకి విసిరేసి లోపలికి పోయింది. తిరుమలకు చిన్నప్పుడు విన్నవన్నీ గుర్తొచ్చాయి. ముట్టు దాచిపెట్టి తులసికోటను తాకిన మనిషికి ఏమైంది, పాదు తాకితే తీగ నిలువునా ఎలా ఎండిపోయింది. అవన్నీ పిచ్చిమాటలని డిగ్రీ చదివేటప్పుడు స్నేహితురాళ్లతో కలిసి నవ్వింది. ఇప్పుడు నవ్వు రావడం లేదు. మొలకలు కళ్ల ముందే చస్తుంటే ఎవరికైనా నవ్వెట్లా వస్తుంది?

మధ్యాహ్నం ఓపెన్ కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగింది. ఎప్పటిలాగే ముందు నేల కదిలింది, తర్వాత గూట్లో గిన్నెలు గలగలమన్నాయి, ఆ తర్వాత చప్పుడొచ్చింది. కిటికీ రెక్కల సందులోంచి సన్నటి దుమ్ము మొలకల మీద పడింది. సాయంత్రానికి గాలి తిరిగి చలి బాగా పెరిగింది. టీవీలో చలిగాలులని చెప్పారు.

పూలమ్మకు అప్పుడు తోచింది. చలి ఎటు నుంచి వస్తోందో కనిపెట్టింది. పాత పేపర్లు నీళ్లలో తడిపి కిటికీ సందుల్లో కత్తిపీట మొనతో కూరింది. ముందు గది వైపు తలుపు కింద గోనెసంచి మడిచి పెట్టింది. వంటింటి వైపు తలుపు కిందకి ఇంకో సంచి కోడలి చేతికిచ్చి, పడుకునే ముందు లోపలి నుంచి గట్టిగా కుక్కమంది. ఆ రోజు సిగిడిలో బొగ్గు కూడా నిండుగా పోసింది. ఇన్ని చేశాక కూడా మొలకలు చస్తే ఇక చలి తప్పు కాదన్నమాట. ఆమె అలా అనలేదు, కానీ తిరుమలకు అలాగే వినిపించింది.

తిరుమల సంచిని గట్టిగా కుక్కింది. వేళ్లు నొప్పెట్టేదాకా కుక్కింది. మొలకలు బతకాలని ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ మొక్కుకున్నది ఆమే.

*

మెలకువ వచ్చేసరికి కిటికీ అద్దం బూడిదరంగుకు తిరుగుతోంది. ఏ చప్పుడుకు లేచిందో ఆమెకు తెలియలేదు. చప్పుడేదీ లేకపోవడం వల్లే లేచింది. మొదటి షిఫ్టు సైరన్ కంటే ముందే ధరణి లేచి, జాకెట్టు పట్టి గుంజి, పాలకు రాగం తీసేది. ఆ రాగం లేదు.

లేవబోతే చేతులు మాట వినలేదు. తల లోపల ఏదో గిర్రున తిరిగింది. పక్కకు పొర్లి బిడ్డను తడిమింది. ఒళ్లు వెచ్చగానే ఉంది. కానీ ఎత్తితే మెడ వెనక్కి వేలాడింది, చెయ్యి జారి చాప మీద పడింది. రొమ్ము నోట్లో పెట్టింది. పెదాలు తెరుచుకున్నాయి కానీ పట్టలేదు. పాలచుక్క నోటి మూల నుంచి చెంప మీదికి కారిపోయింది.

తిరుమల భయపడింది. అంతవరకూ పడ్డవన్నీ భయాలే కావు. ముందు మొలకలు, ఇప్పుడు బిడ్డ. తన చెయ్యి తగిలినవన్నీ ఇలాగే తలలు వాల్చేస్తున్నాయి. తాను దాచింది, అబద్ధమాడింది, తాను ఉన్నచోట ఏదీ బతకదు. ఆ క్షణాన ఆమెకు తోచింది ఇదొక్కటే. తాను ఇక్కడి నుంచి పోవాలి. బిడ్డను వెచ్చటి గదిలో వదిలి, దూరంగా, ఎక్కడికైనా పోవాలి.

మోకాళ్ల మీద పాకింది. చాప దాటింది. సిగిడి పక్కనుంచి, మంచం కోళ్లు పట్టుకుంటూ వంటింటి తలుపు దాకా పోయింది. తాను కుక్కిన గోనెసంచిని తానే వేళ్లతో పీకింది. గడియ తీసింది. తలుపు సందులోంచి చల్లటి గాలి ముఖాన కొట్టింది. ఇంకొక్క అడుగు వేస్తే గడప అవతల ఉంటుంది.

రొమ్ములు బిగుసుకుని సలుపుతున్నాయి. తాగని పాలు జాకెట్టును తడుపుతున్నాయి. బిడ్డ లేచి పాలకు ఏడిస్తే? తాను లేకపోతే ఎవరిస్తారు? పాపమో పుణ్యమో, ఆ పాలు మాత్రం ఆ పిల్లవే కదా.

వెనక్కి పాకింది. బిడ్డను జాకెట్టు లోపలికి, పొట్టకు అదిమి పట్టుకుని మళ్లీ తలుపు దాకా రావడానికి ఆమెకు ఒక యుగం పట్టింది. వంటింట్లో ఒకసారి పడింది. పెరటి తలుపు గడియ పళ్లతో లాగిందో వేళ్లతో లాగిందో తర్వాత ఎప్పుడూ గుర్తుకు రాలేదు. బట్టలుతికే బండ మీద కూలబడింది. తల మీద ఆకాశం తెల్లబడుతోంది, చలి కత్తిలా ఉంది.

బిడ్డ అరికాళ్లు రుద్దింది. చెంపలు తట్టింది. ముఖం మీద ఊదింది. యెల్లమ్మ తల్లీ, మొలకలు నీకే, బిడ్డ నాకు అని మొక్కింది. కాసేపటికి ధరణి ముక్కు చిట్లించింది. ఒక దగ్గు దగ్గింది. తర్వాత ముఖమంతా ముడుచుకుని, నోరు తెరిచి, కాలనీ అంతా లేచేటట్టు ఏడ్చింది. ఇన్నాళ్లూ ఆ ఏడుపుకు అత్త ఎక్కడ లేస్తుందోనని ఆమె అరచెయ్యి అడ్డం పెట్టేది. ఇప్పుడు పెట్టలేదు.

సదయ్య ఎప్పుడూ దొడ్డిదారినే వస్తాడు, ముందు తలుపు కొట్టి ఇంట్లోవాళ్లను లేపడం ఇష్టం లేక. తడిక తీసుకుని లోపలికి అడుగు పెట్టిన మనిషి ఆగిపోయాడు. కోడలు దుప్పటి కూడా లేకుండా బండ మీద వణుకుతోంది.

"ఏందమ్మా, ఇంత సలిల బయట కూసున్నరు? ఏమైంది?"

మామగారితో చెప్పే మాట కాదది. ఆడవాళ్లతోనే చెప్పలేక దాచుకున్న మాట. కానీ తిరుమల దగ్గర ఇక దాచుకోవడానికి శక్తి లేదు.

"నేను దూరమున్న మామా. చెప్పలే. మొలకలను తాకిన, అవి సచ్చినయి. బిడ్డ గూడ లెవ్వలే. అంత నాతోనే అయింది."

సదయ్య తల దించుకున్నాడు. తలనొప్పి ఉందా అని మాత్రం అడిగాడు. మొన్న సాయంత్రం తలనొప్పి గురించి పూలమ్మ అన్న మాట ఆయన చెవిలో ఉంది.

"ఉన్నది. రోజు పొద్దుగాల ఉంటది. బయటికొస్తె పోతది. సిగిడి లోపట పెట్టినకాడికెల్లి..."

మాట మధ్యలో ఆగింది. తిరుమల తెరిచి ఉన్న వంటింటి తలుపు వైపు చూసింది. సదయ్య కూడా అటే చూశాడు. ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ఆయన ముఖంలో రక్తం ఇంకిపోయింది. అన్నం డబ్బా కింద పెట్టాడు, పెట్టాననుకున్నాడు, అది బండ మీంచి దొర్లి మోగింది.

"లోపటికి పోకు" అన్నాడు. "ఏదన్న తెచ్చుకుంటనని గూడ పోకు."

భుజం మీది తువ్వాలు ముక్కుకు కట్టుకోబోయి, అదెందుకూ పనికిరాదని తెలిసినవాడు కాబట్టి కట్టుకోకుండానే ఊపిరి బిగబట్టి లోపలికి ఉరికాడు. ఊపిరి బిగబట్టుకునే కిటికీ రెక్కలు తన్నాడు. ముందు గదిలో పడుకున్న పూలమ్మను రెక్క పట్టుకుని లేపి బయటికి తోశాడు. రెండో విడత పోయి సిగిడిని ఒట్టి చేతులతో ఎత్తుకొచ్చి పెరట్లో బోర్లించాడు. చేతులు కాలాయి. ఆ సంగతి ఆయనకు ఆటోలో గాని తెలియలేదు.

ఏమైందో తెలియక పూలమ్మ నిద్రకళ్లతో నిలబడింది. "నా మొలకలు సలికి" అని మొదలుపెట్టి, బండ మీద మనవరాలిని చూసి ఆపేసింది.

*

సుసన్నమ్మ ముందుండి దవాఖానకు తీసుకుపోయింది. తల్లికీ బిడ్డకూ ముక్కులకు ఆక్సిజన్ పెట్టారు. మూసిన గదిలో బొగ్గు విడిచే గాలికి రంగు, వాసన ఉండవని, పొగ కనిపించకపోయినా అది మనిషిని నిద్రలోనే తీసుకుపోతుందని, ఇంకో గంట ఆ గదిలో ఉంటే మాట్లాడుకోవడానికి ఏమీ మిగిలేది కాదని డాక్టరమ్మ చెప్పింది. మధ్యాహ్నానికి ధరణి నర్సు మెడలో గొట్టం పట్టుకుని గుంజింది. తిరుమల ఆ రెండురోజుల్లో మొదటిసారి బిగ్గరగా ఏడ్చింది.

సదయ్య రెండు చేతులకూ కట్లతో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తక్కువ మాట్లాడే మనిషి. ఆ రోజు మాత్రం ఎవరూ అడగకుండానే నోరు విప్పాడు.

"గనిల తల తిరుగుతున్నదంటే ఒక్కడు మాట్లాడడు, అందరం బయటికి ఉరికొస్తం. ఇంట్ల తల తిరుగుతున్నదంటే పనిదొంగ అన్నం."

ఆయన తనను కూడా కలుపుకుని 'అన్నం' అన్నాడు. అన్నది పూలమ్మ ఒక్కతే అని అక్కడున్న అందరికీ తెలుసు. పూలమ్మ మంచం పక్కన, నేల మీద, మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చుని ఉంది. సుసన్నమ్మ తెచ్చిన ఇడ్లీ పొట్లం విప్పలేదు.

సాయంత్రం రఘుపతి జైపూర్ నుంచి ఊపిరాడకుండా వచ్చాడు. బిడ్డను ఎత్తుకుని, ఇంత తెలివి లేకుండ ఉంటరా, సిగిడి లోపలెందుకు పెట్టుకున్నావని పెళ్లాం మీద విసుక్కున్నాడు. భయంలో అన్నాడు, కానీ అన్నాడు. తిరుమల అలవాటు ప్రకారం తల వంచుకుంది. మంచం పక్కన నేల మీంచి గొంతు వచ్చింది.

"సిగిడి నేను పెట్టిన. సందులల్ల కాగితాలు నేను కుక్కిన. వద్దత్తమ్మా అంటే నవ్విన. దాన్నేమనకు."

ఆ మాటలు అంటున్నప్పుడు కూడా పూలమ్మ ఎవరి ముఖమూ చూడలేదు.

*

మర్నాడు ఇంటికొచ్చారు. రఘుపతి డ్యూటీ ఉందని ఆ పొద్దే జైపూర్ వెళ్లిపోయాడు. లోపలి గది కిటికీలు, తలుపులు అన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. తడికాగితాలు ఎవరో పీకేశారు. మంచం మీద గ్లాసుల్లేవు, ఉతికిన దుప్పటి పరిచి ఉంది. చాప చుట్టి మూలన నిలబెట్టి ఉంది. గ్లాసులు పెరటి గోడ మీద ఎండలో ఉన్నాయి, ఎవరో బరువు దించుకున్నట్టు అడ్డదిడ్డంగా పెట్టి వదిలేశారు. సిగిడి బోర్లించిన చోటే ఉంది. దాన్ని ఎవరూ తియ్యలేదు.

తిరుమల గోడ దగ్గరికి పోయింది. సిగిడి వైపున వాలిన వరుసలు పోయినట్టే. కిటికీ వైపున్నవాటిలో సగం తలలెత్తాయి, వాటి మధ్యన గరుకుటాకు ఒకటి విచ్చుకోబోతోంది. మన్ను మాత్రం ఎండి గ్లాసును వదిలి పగుళ్లిచ్చింది. రెండు రోజులుగా ఎవరూ నీళ్లు పొయ్యలేదు. పూలమ్మ గడపలో కూర్చుని ఉల్లిపాయ పొట్టు తీస్తోంది. ఈసారి నోరు విప్పాల్సింది కోడలే.

"అత్తమ్మా, నీళ్లు పొయ్యాలె. నేనింకా దూరమే ఉన్న."

మొదటిసారి ఆ మాట ఆ ఇంట్లో గట్టిగా వినబడింది. పూలమ్మ చేతిలో ఉల్లిపాయ తిరగడం ఆగింది.

"నువ్వే పొయ్యి బిడ్డా. నా చెయ్యి తాకకుంటెనే మంచిది వాటికి."

తిరుమల చెంబుతో ముంచి, అరచెయ్యి అడ్డం పెట్టుకుని వేళ్ల సందుల్లోంచి చుక్కచుక్కగా పోసింది. మన్ను నీళ్లు తాగుతుంటే చిన్న చప్పుడైంది. పూలమ్మ లేచి లోపలికి పోయింది.

మధ్యాహ్నం తిరుమల మంచం మీద బిడ్డను పక్కన వేసుకుని ఒరిగింది. నిద్ర పట్టలేదు. కళ్లు మూసుకుంటే మళ్లీ తెరుచుకోవేమోనని భయంగా ఉంది. బ్లాస్టింగ్ అయింది. నేల కదిలింది, గిన్నెలు గలగలమన్నాయి. తెరిచిన కిటికీలోంచి దుమ్ము హాయిగా లోపలికొచ్చింది. ఆ చప్పుడు పోయాక ఇంకో చిన్న చప్పుడు వినిపించింది. ఎవరో అడుగులో అడుగు వేసుకుంటూ వస్తున్నారు.

అత్త అడుగు ఆమె గుర్తుపట్టింది. మధ్యాహ్నం పడుకుంటే పూలమ్మకు గిట్టదు. తిరుమల కదలకుండా, నిద్రపోతున్నట్టే ఉండిపోయింది.

పూలమ్మ మంచం మీదికి వంగింది. చూపుడువేలు చాచి ధరణి ముక్కు కింద పెట్టింది. ఆగింది. చాలాసేపు ఆగింది. ఊపిరి తగిలి ఉంటుంది, సన్నగా నిట్టూర్చింది. ఇక పోతుందని తిరుమల అనుకుంది. పోలేదు.

ఆ వేలు ఇటు వచ్చింది. ఉల్లిపాయ వాసనతో, మన్ను గీతలు పడిన గోరుతో, తన ముక్కు కిందికి వచ్చి ఆగింది. తిరుమల ఊపిరి బిగబట్టేసింది. అత్త దగ్గరికొస్తే ఊపిరి బిగబట్టడం ఆమెకు పెళ్లయిన నాటి నుంచి అలవాటు.

వేలు వణకడం మొదలుపెట్టింది. మొదట మెల్లగా వణికింది, తర్వాత పై పెదవికి తగిలేటంతగా వణికింది.

అప్పుడు తిరుమల ఊపిరి వదిలింది.